బాబు బేస్‌బాల్ ఆడతానంటున్నాడు... ఆట అయిపోయాక ఏం తిని బతుకుతాడు?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు పదకొండో తరగతి, స్కూల్ టీమ్‌లో పిచ్చర్ (బంతి విసిరేవాడు). కాలేజీ వద్దు, స్కూలైపోగానే డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీములు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వెళ్తానంటున్నాడు. మా వారు కూడా వాడి పక్షమే. "ఆ బేస్‌బాల్ ఆటగాడు బాబీ బొనీయాని చూడు, ఆట మానేసి ఎన్నేళ్లయినా ఏటా మిలియన్ డాలర్లకు పైగా వస్తోంది" అంటారు. ముప్పై ఏళ్లకే ఆట ఆగిపోతే వీడి గతేంటని నాకు నిద్ర పట్టడం లేదు. — ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ టెన్షన్ న్యాయమైనదే. మీ వారు చెప్పిందీ నిజమే, కాకపోతే ఆయన చెప్పింది ఆ కథలో రెండో సగం.

2000 జనవరిలో న్యూయార్క్ మెట్స్ బొనీయాని వదిలేసేటప్పటికి అతనికి 37 నిండబోతున్నాయి. టీమ్ అతనికి ఇంకా 59 లక్షల డాలర్లు బాకీ ఉంది. అది వెంటనే తీసుకోకుండా 8 శాతం వడ్డీ మీద వాయిదా వేయించుకున్నాడు. 2011 నుంచి ప్రతి జూలై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు అందుతున్నాయి. ఆఖరి వాయిదా 2035లో, అతని 72వ ఏట. యజమానులు అంత వడ్డీకి ఎందుకు ఒప్పుకున్నారంటే, వాళ్ల డబ్బు బెర్నీ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దగ్గర ఉంది, అక్కడ అంతకన్నా ఎక్కువే వస్తుందనుకున్నారు. అదంతా మోసమని 2008లో బయటపడింది.

ఇక మొదటి సగం. 1991లోనే బొనీయా అదే మెట్స్‌తో ఐదేళ్లకు 2.9 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసుకున్నాడు. కడుపు నిండిన మనిషి కాబట్టి 11 ఏళ్లు ఆగగలిగాడు. ఆ 8 శాతం మీ బాబుకి ఎవరూ ఇవ్వరు. ఒక్కసారిగా వచ్చే డబ్బుని నెలజీతంలా మార్చుకున్నాడు చూడండి, అతని దగ్గర మీవాడు నేర్చుకోవాల్సింది అదే.

కర్ట్ షిల్లింగ్ కథ కూడా మీ వారికి చెప్పండి. మూడు వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ అనే అగ్రశ్రేణి లీగ్ ఫైనల్స్) గెలిచిన పిచ్చర్, కెరీర్‌లో 11 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడు. 2004 వరల్డ్ సిరీస్‌లో చీలమండకు కుట్లు వేయించుకుని మరీ పిచ్ చేస్తుంటే సాక్స్‌లోంచి రక్తం బయటికి వచ్చింది. ఆట మానేశాక తన వీడియో గేమ్‌ల కంపెనీ మీదే మొత్తం దృష్టి పెట్టాడు. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 7.5 కోట్ల డాలర్ల అప్పుకి హామీ ఇచ్చింది. 2012లో కంపెనీ దివాలా తీసింది. సొంత డబ్బు 5 కోట్ల డాలర్లు పోయిందని అతనే చెప్పాడు. 2013 ఫిబ్రవరిలో ఆ వరల్డ్ సిరీస్ నాటి రక్తపు సాక్స్‌ని వేలం వేస్తే 92,613 డాలర్లు పలికింది. అతనిది తాగుడో జూదమో కాదమ్మా. ఇష్టపడి, నమ్మి పెట్టిన వ్యాపారమే. ఉన్నదంతా ఒకేచోట పెట్టాడు, అంతే. అందుకే ఆ కథ చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

అయితే ఈ ఇద్దరూ శిఖరం ఎక్కినవాళ్లు. మీ బాబు ముందుగా చూడాల్సింది మీ ఊళ్లోనే ఉంది. మీ ఊరి టీమ్ ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి వాణ్ణి తీసుకెళ్లండి. ఆ మైదానంలో ఉన్నవాళ్లంతా వాళ్ల వాళ్ల స్కూళ్లలో మొనగాళ్లే. అది డబుల్-ఎ స్థాయి, అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. 2023 ఒప్పందం ప్రకారం అక్కడ కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లు. అంతకుముందు 13,800 ఉండేది! మీ ఊరి అద్దెలు మీకు తెలుసు. 2022 నుంచి టీములే ఇల్లు చూపిస్తున్నాయి, అదొక్కటే ఊరట. మేజర్ లీగ్‌కి చేరితే కనీస జీతమే 2025లో 7,60,000 డాలర్లు, 43 రోజులు ఉంటే పెన్షన్ హక్కూ వస్తుంది. ఆ రెండు అంకెల మధ్య ఏళ్లకేళ్లు గడిచిపోతాయి. పైగా పిచ్చర్ మోచేయి ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం.

అలాగని కలని చంపమని అనను. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చినా సంతకం పెట్టి తీరాలని లేదు. సంతకానికి టీమ్ ఇచ్చే బోనస్ ఎంతో చూడండి. పన్నులు, ఏజెంట్ వాటా పోగా మిగిలేది నాలుగేళ్ల కాలేజీ ఖర్చుకి, ఆపైన ఐదారేళ్ల బతుకుకి సరిపోతేనే సంతకం పెట్టనివ్వండి. లేదంటే కాలేజీకే పంపండి. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మళ్లీ మూడో ఏడాది తర్వాత గానీ, 21 ఏళ్లు వచ్చాక గానీ డ్రాఫ్ట్ అవకాశం ఉంటుంది. జూనియర్ కాలేజీకైతే (అమెరికాలో స్కూలయ్యాక చేరే రెండేళ్ల కాలేజీ) అంతకాలం ఆగక్కర్లేదు. సంతకమే పెడితే కాలేజీ ఖర్చు టీమ్ భరిస్తుందన్న షరతుని ఆ రోజే కాంట్రాక్ట్‌లో రాయించండి. ఆట మానేసిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టకపోతే ఆ హక్కు పోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

చదివితే ఆట చెడుతుందని బాబు అంటే పిచ్చర్ క్రెయిగ్ బ్రెస్లో పేరు చెప్పండి. యేల్‌లో బయోకెమిస్ట్రీ చదివాడు. 2002 డ్రాఫ్ట్‌లో 26వ రౌండ్‌లో తీసుకున్న టీమ్ రెండేళ్లకే పొమ్మంది. అయినా మేజర్ లీగ్‌లో 12 సీజన్లు ఆడాడు. 2023లో బోస్టన్ రెడ్ సాక్స్ తమ బేస్‌బాల్ వ్యవహారాలన్నీ అతని చేతిలో పెట్టింది.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలో ఆడాలంటే స్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) ఉండాలి. అందులో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. బాబు ఇప్పుడు పదకొండులో ఉన్నాడు. స్కూల్ కౌన్సెలర్‌ని కలిసి ట్రాన్‌స్క్రిప్ట్ ముందు పెట్టుకుని ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి. తక్కువైతే సమ్మర్ స్కూల్లో పూర్తిచేసే వీలుంటుందేమో అప్పుడే అడగండి.