అమెరికా ట్రేడ్ షోలో హైదరాబాద్ స్టాల్: ముందే చూసుకోవలసినవి

సందేహం: జీడిమెట్లలో మా బావగారికి ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే చిన్న పరిశ్రమ ఉంది. షికాగోలో జరిగే ఒక ట్రేడ్ షోలో స్టాల్ తీసుకుంటున్నారు. నేను హెచ్-1బి వీసాపై ఇటీవలే అమెరికా వచ్చాను. స్టాల్లో ఉండి సాయం చేయమంటున్నారు. ఏయే జాగ్రత్తలు అవసరం?

సమాధానం: ముందుగా మీ సంగతి. హెచ్-1బి మీకోసం పిటిషన్ వేసిన సంస్థలో పనిచేయడానికే అనుమతిస్తుంది కనుక, జీతం తీసుకోకపోయినా, స్టాల్లో నిలబడి కొనుగోలుదారులతో బేరసారాలు జరపడం మీ హోదాకే ముప్పు కావచ్చు. మీరు సందర్శకులుగా వెళ్లి చూసి రండి, వచ్చినవారికి ఇంట్లో బస ఇవ్వండి. స్టాల్ బాధ్యతను మాత్రం హైదరాబాద్ నుంచి బి-1 (వ్యాపార సందర్శకుల) వీసాపై వచ్చేవారికే వదిలేయండి. వారు నమూనాలు చూపి, ఇండియా నుంచి పంపబోయే సరుకుకు ఆర్డర్లు తీసుకోవచ్చు గాని, మన నుమాయిష్‌లో లాగా అక్కడికక్కడే అమ్మి డబ్బు పుచ్చుకోకూడదు.

ఇక ఖర్చు. హైటెక్స్‌లో స్టాళ్లు పెట్టి అలవాటైనవారే ఇక్కడ ఎక్కువగా దెబ్బతినడం చూస్తుంటాను. ఆ హైదరాబాద్ ప్రదర్శనశాలలో ముందురోజు రాత్రి మన వడ్రంగి, మన ఎలక్ట్రీషియన్ వచ్చి తెల్లవారేసరికి పని ముగిస్తారు. అమెరికాలో స్టాల్ అద్దె కట్టినవారికి చాలాచోట్ల దక్కేది పదడుగుల చదరం నేల, వెనుక ఒక గుడ్డ తెర, అంతే. తివాచీ, బల్ల, కరెంటు, ఇంటర్నెట్, దేనికదే వేరుగా ఆర్డర్ ఇవ్వాలి. గడువు తేదీ దాటితే ధర గణనీయంగా పెరుగుతుంది. కరెంటు కనెక్షన్ వంటి పనులు చాలా హాళ్లలో ఆ హాలు కార్మికులే చేయాలి. అన్నిటికన్నా మనవారిని నివ్వెరపరిచేది డ్రేయేజ్: లారీ దగ్గరి నుంచి స్టాల్ దాకా పెట్టె చేర్చి, తిరిగి లారీకి ఎక్కించినందుకు 100 పౌండ్ల లెక్కన, అంటే సుమారు 45 కిలోలకు ఇంత అని వసూలు చేస్తారు. బరువైన యంత్రమైతే ఈ ఒక్క పద్దే స్టాల్ అద్దెను మించిపోవచ్చు. కాబట్టి స్టాల్ బుక్ చేసే ముందే ఎగ్జిబిటర్ మాన్యువల్ (నిర్వాహకులు ఇచ్చే నియమాలు, ధరల పుస్తకం) అడిగి తెప్పించుకుని, బావగారితో కూర్చుని మొత్తం లెక్క కట్టండి. వీలైతే పెద్ద యంత్రం మానుకుని, దాని చిన్న నమూనాతో పాటు వీడియో తీసుకురమ్మని చెప్పండి.

యంత్రమే తేవాలనుకుంటే, ఇండియాలో ఫిక్కీ అనే వాణిజ్య మండలి జారీచేసే ఏటీఏ కార్నెట్ అనే తాత్కాలిక దిగుమతి పత్రం మీ యంత్రానికి వర్తిస్తుందేమో ముందే కనుక్కోవాలి. దానితో ఏడాది లోపు తిరిగి తీసుకువెళ్లే షరతుపై సుంకం లేకుండా సరుకు తేవచ్చు. పంచిపెట్టే బహుమతులకు, వాడి పారేసే వస్తువులకు అది వర్తించదు. చెక్కపెట్టెకు ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేసినట్టు చూపే గుర్తు) తప్పనిసరి. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్; మన 50 హెర్ట్జ్ మోటారును నేరుగా తగిలిస్తే దాదాపు ఐదోవంతు వేగం పెరిగి, సందర్శకుల ముందే యంత్రం తడబడవచ్చు. వోల్టేజి కూడా వేరు. జీడిమెట్లలోనే పరీక్షించి బయలుదేరాలి.

చివరిగా, ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది స్టాల్ చూడవచ్చిన కొనుగోలుదారుల వివరాలు. బ్యాడ్జి స్కాన్ చేసినంత మాత్రాన సరిపోదు. ఏ ఉత్పత్తి ప్యాక్ చేస్తారు, నిమిషానికి ఎన్ని కావాలి, కొనుగోలు నిర్ణయం ఎవరిది అన్నవి అడిగి, ఆ మనిషి కదలగానే రాసుకోవాలి. వేసవిలో షికాగోలో సాయంత్రం ఆరు అంటే హైదరాబాద్‌లో తెల్లవారుజాము నాలుగున్నర. ఆ వివరాలు అప్పుడే పంపితే, జీడిమెట్ల ఆఫీసుకు కొటేషన్లు సిద్ధం చేయడానికి ఒక పూర్తి పనిదినం దొరుకుతుంది, మరునాడు హాలు తెరిచేలోగా అవి కొనుగోలుదారుల చేతికి అందుతాయి.