హౌస్ రూల్ రాసే ముందు దాని భారం ఎవరి మీద పడుతుందో చూడు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వే డంజన్ మాస్టర్‌గా (కథ నడిపి, తీర్పులు చెప్పే మనిషిగా) కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటలో క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదలుపెడుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నువ్వు పంపిన హౌస్ రూల్స్ (మన టేబుల్ కోసం మనమే రాసుకునే రూల్స్) కాగితాలు శ్రద్ధగా చదివాను. పుస్తకంలో ఉన్న రూల్‌ని మార్చడం తప్పేమో అని చివర్లో రాశావు. ఆ బెంగ పెట్టుకోకు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆట తెచ్చినప్పుడు, 20 ముఖాల డైస్ వేసి దెబ్బ తగిలిందో లేదో చూడడం అందులో ప్రత్యామ్నాయ పద్ధతి మాత్రమే. అసలు పద్ధతికి ‘చెయిన్‌మెయిల్’ అనే అంతకు ముందరి యుద్ధ క్రీడ రూల్స్ చూసుకోవాలి. ఇప్పుడు ఆ డైస్ లేకుండా ఈ ఆటని ఊహించుకోగలమా? డైస్ మీద 20 పడితే క్రిటికల్ హిట్ (మామూలు కన్నా గట్టి దెబ్బ) అన్నది కూడా ఆ మొదటి రూల్స్‌లో లేదు. ఆడేవాళ్లు మార్చుకుంటూ రావడం వల్లే ఈ ఆట ఇంత పెరిగింది.

కాబట్టి ధైర్యంగా మార్చు. అయితే ఒక్కో రూల్ పక్కన రెండు ప్రశ్నలు రాసుకో. ఆడేటప్పుడు ఏ ఇబ్బంది కనిపించి ఈ రూల్ రాస్తున్నాను? దీని భారం ఎవరి క్యారెక్టర్ (ఆటలో వాళ్ల పాత్ర) మీద పడుతుంది? మొదటిదానికి జవాబు దొరక్కపోతే ఆ రూల్ కొట్టెయ్. రెండోదానికి జవాబు తెలియకపోతే పెన్నూ కాగితం తీసి లెక్క వెయ్యి. హౌస్ రూల్స్‌లో చాలా వరకు చెడిపోయేది ఇక్కడే. వినడానికి అందరికీ ఒకటే అనిపిస్తుంది, ఆడుతుంటే మాత్రం ఒకళ్లిద్దరికే నష్టం జరుగుతూ ఉంటుంది.

అటాక్ రోల్‌లో (దెబ్బ తగిలిందో లేదో చూసే 20 ముఖాల డైస్‌లో) 1 పడితే ఆయుధం చేతిలోంచి జారిపోవాలన్న నీ రూల్‌నే తీసుకో. ఒక్క రోల్‌లో 1 పడే అవకాశం 5 శాతం. పెద్దగా ఏమీ అనిపించదు. కానీ 11వ లెవెల్ ఫైటర్ (ఆయుధాలతో పోరాడే యోధుడు) ఒక టర్న్‌లో (తన వంతులో) మూడుసార్లు కొడతాడు. ఆ మూడింట్లో కనీసం ఒక 1 పడే అవకాశం 14 శాతం దాటుతుంది. పోరాటం నాలుగు రౌండ్లు సాగిందంటే పన్నెండు రోల్స్. అప్పుడది దాదాపు 46 శాతం. పక్కనే ఫైర్‌బాల్ మంత్రం వేసే విజర్డ్ (మాంత్రికుడు) అసలు అటాక్ రోలే వెయ్యడు, దెబ్బ తగ్గించుకోవడానికి సేవింగ్ త్రో అనే రోల్ వేసుకోవాల్సింది శత్రువులు. అంటే కత్తిసాములో ఎంత ఆరితేరితే అన్నిసార్లు కత్తి జారవిడుస్తాడన్నమాట! నీ టేబుల్ దగ్గర ఫైటర్ ఆడే అబ్బాయికి రెండు మూడు సెషన్లు పోయాక విసుగొస్తుంది, కారణం మాత్రం అతనికీ తెలియదు.

1 పడినప్పుడు ఏదో ఒకటి జరిగితే బావుంటుందన్న నీ కోరిక నాకు అర్థమైంది. అలాంటప్పుడు ఆ రూల్‌ని టర్న్‌లో మొదటి అటాక్‌కి మాత్రమే పెట్టు. ఆయుధం పోవడం, టర్న్ పోవడం లాంటి శిక్షలు వద్దు. కత్తి దూలానికి దిగబడిందనో, దీపం కింద పడి గది చీకటైందనో కథలోకి తీసుకురా. రాక్షసులకి 1 పడినా అలాగే చెయ్యి. ఆటగాళ్లు కూడా ఆ 1 కోసం ఎదురుచూస్తారు.

క్రిటికల్ హిట్ మీద నువ్వు రాసింది ఇంకా జాగ్రత్తగా చూడాలి. మామూలుగా అయితే డ్యామేజ్ డైస్ (దెబ్బ ఎంతో తేల్చే డైస్) రెట్టింపు వేస్తాం. నీ రూల్ ప్రకారం ఒక డైస్‌కి గరిష్ఠ సంఖ్య తీసుకుని, దానికి ఇంకో రోల్ కలపాలి. 8 ముఖాల డైస్ వాడే లాంగ్‌స్వోర్డ్‌కి సగటు 9 నుంచి 12.5కి పెరుగుతుంది. ఆటగాళ్లందరూ చప్పట్లు కొడతారు. కానీ గోబ్లిన్ అనే చిన్న రాక్షసికీ అదే రూల్ కదా. 2014లో వచ్చిన రూల్స్‌లో గోబ్లిన్ కత్తి దెబ్బ అంటే ఆరు ముఖాల డైస్ ఒకటి వేసి 2 కలపడం. నీ రూల్‌తో దాని క్రిటికల్ ఎంత తక్కువన్నా 9 ఉంటుంది. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 14 ఉన్న ఒకటో లెవెల్ విజర్డ్‌కి ఉండేది 8 హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణశక్తి). అంటే ప్రతి క్రిటికల్‌కీ పడిపోవాల్సిందే. పైగా ఒక గోబ్లిన్ ఒక్క పోరాటంలో కనిపించి పోతుంది, ఆటగాడి క్యారెక్టర్ మాత్రం క్యాంపెయిన్‌లో ప్రతి పోరాటంలోనూ దెబ్బలు కాచుకోవాలి. డైస్ ఎంత భయంకరంగా ఉంటే చివరికి నష్టపోయేది అంతగా ఆటగాళ్లే. దీన్ని ఆటగాళ్లకి మాత్రమే ఇస్తానంటే ఇవ్వు, లేదా అందరూ మూడో లెవెల్‌కి వచ్చాక మొదలుపెట్టు. ఏది చేసినా ముందే చెప్పి చెయ్యి.

హీలింగ్ పోషన్‌ని (గాయాలు మాన్పే మందుని) బోనస్ యాక్షన్‌గా (టర్న్‌లో అసలు పని అయిన యాక్షన్ కాక, అదనంగా చేసే చిన్న పనిగా) తాగొచ్చన్న రూల్ మాత్రం కళ్లు మూసుకుని ఉంచేసుకో. నీ కాగితాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. 2014 రూల్స్‌లో పోషన్ తాగితే యాక్షన్ మొత్తం అయిపోతుంది, మామూలు పోషన్ తిరిగిచ్చేది సగటున 7 హిట్ పాయింట్లు. అంత కొంచెం కోసం టర్న్ పోగొట్టుకోవడం ఇష్టంలేక అందరూ పోషన్లు సంచిలోనే ఉంచుకునేవారు. ఇబ్బంది స్పష్టంగా ఉంది, మార్పు చిన్నది, ఎవరికీ నష్టం లేదు. ఎన్నో టేబుళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఇలాగే ఆడుతున్నారు. 2024లో వచ్చిన కొత్త రూల్స్‌లో దీన్ని అధికారికంగానే పెట్టేశారు.

శత్రువుకి రెండు వైపులా నిలబడితే అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) అన్న రూల్ దగ్గర కాస్త ఆగు. 2014 రూల్స్‌లో ఇది ఐచ్ఛికంగా ఉన్నదే, నువ్వు కొత్తగా పెట్టింది కాదు. 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే తగిలే దెబ్బకి అడ్వాంటేజ్ ఉంటే అవకాశం 50 నుంచి 75 శాతానికి పోతుంది, అంటే +5తో సమానం. రెండడుగులు పక్కకి జరిగినంత మాత్రాన ఇంత లాభం దొరికితే, అదే అడ్వాంటేజ్ కోసం దాక్కుని కొట్టే రోగ్‌కీ, ఫేరీ ఫైర్ మంత్రం వేసే వాళ్లకీ, దెబ్బలకి తెగించి రెక్‌లెస్ అటాక్ చేసే బార్బేరియన్‌కీ ఇంక మిగిలేదేముంది? రెండు చోట్ల నుంచి వచ్చినా అడ్వాంటేజ్ ఒక్కటే లెక్క. దాని బదులు +2 ఇవ్వు. కదిలి నిలబడినందుకు ఫలితమూ ఉంటుంది, మిగతా వాళ్ల విద్యలకీ విలువ ఉంటుంది.

లాంగ్ రెస్ట్‌కి (వాడేసిన స్పెల్స్, అంటే మంత్రాలు, తిరిగొచ్చే పెద్ద విశ్రాంతికి) ఏడు రోజులు పట్టాలన్నావు. నీ కథలో పోరాటాలు వారానికి ఒకటి రెండు మాత్రమే వస్తే అది సరిగ్గా పనిచేస్తుంది. ఒకే కోటలో గదికొక పోరాటం పెడితే విజర్డ్, క్లెరిక్ స్పెల్స్ అయిపోయి చేతులు కట్టుకు కూర్చుంటారు, షార్ట్ రెస్ట్‌తోనే (చిన్న విశ్రాంతితోనే) స్పెల్స్ తిరిగొచ్చే వార్‌లాక్ అనే మాంత్రికుడు మాత్రం ధీమాగా ఉంటాడు. ముందు కథ ఎలా ఉంటుందో తేల్చుకుని, అప్పుడు ఈ రూల్ సంగతి చూడు.

ఇప్పుడు వీటిని టేబుల్ ముందు ఎలా పెట్టాలో చెప్తాను. క్యారెక్టర్లు తయారు చేసుకోకముందే, సెషన్ జీరోలో (ఆట మొదలుకాకముందు కూర్చుని మాట్లాడుకునే రోజు), అందరికీ కాగితం ఇచ్చి చదివించు. ఒక్క పేజీ దాటనివ్వకు. ఎవరికి అభ్యంతరం ఉన్నా విను. ముఖ్యంగా ఎక్కువ మాట్లాడని వాళ్లని పేరు పెట్టి అడుగు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ప్రతి రూల్‌నీ మూడు సెషన్ల పాటు ప్రయోగంగా పెడుతున్నానని చెప్పు. మూడో సెషన్ అయ్యాక ఉంచాలా తీసెయ్యాలా అని అందరినీ అడిగి తేల్చెయ్. క్యాంపెయిన్ మధ్యలో ఏదైనా రూల్ మారి, ఎవరైనా ముచ్చటపడి ఎంచుకున్న శక్తి పనికిరాకుండా పోతే, దాన్ని మార్చుకునే అవకాశం వాళ్లకి తప్పకుండా ఇవ్వు. ఇందులో బేరాలు వద్దు.

ఆట మధ్యలో సందేహం వస్తే పుస్తకాలు తిరగేస్తూ అందరినీ కూర్చోబెట్టకు. “ఈ రోజుకి ఇలా ఆడదాం, తర్వాత మాట్లాడుకుందాం” అని సాగిపో. ఆ రోజు తీర్పు చెప్పావు కదా అని అది శాశ్వతమైన రూల్ అయిపోకూడదు. దాన్ని ఒక నోట్‌బుక్‌లో రాసి, తర్వాతి సెషన్‌కి ముందు తేల్చు. ఇలా రాసి పెట్టుకోకపోతే ఒకే ప్రశ్నకి ఒక వారం ఒకలా, ఇంకో వారం ఇంకోలా జవాబు చెప్తావు. అక్కడ ఆటగాళ్లకి నీ మీద నమ్మకం సడలుతుంది.

ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పే రూల్ ఒక్కటైనా నీ కాగితంలో లేదు, అది కలుపు. ఒకరి క్యారెక్టర్ ఇంకొకరి క్యారెక్టర్ దగ్గర దొంగతనం చెయ్యొచ్చా, కొట్టొచ్చా? ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటేనే అని రాయి. అలాగే టేబుల్ మీద ఎక్స్ కార్డ్ ఒకటి పెట్టు. ఎవరికైనా ఒక సన్నివేశం భరించలేనట్టు ఉంటే ఆ కార్డు తాకితే చాలు, కారణం అడక్కుండా ఆ సన్నివేశం దాటేస్తాం. నీ టేబుల్ దగ్గరికి మొదటిసారి వస్తున్నవాళ్లు కూడా ఉన్నారన్నావు కాబట్టి, క్రిటికల్స్ గురించి మాట్లాడే ముందే ఈ సంగతి చెప్పు.

కొత్త కాగితం తయారు చేసి పంపితే మళ్లీ చదువుతాను. ఆ ఏడు రోజుల రెస్ట్ గురించి నీ ఆటగాళ్లు ఏమన్నారో కూడా రాయి.

ఇట్లు
మీ మావయ్య