మిడిల్‌మార్చ్ మధ్యలో వదిలేశారా? డాక్టరు వెంట వెళ్లి చూడండి

"మిడిల్‌మార్చ్ రెండుసార్లు మొదలుపెట్టి వంద పేజీల్లోపే ఆపేశాను. అంత గొప్పేముంది అందులో?" అని అడిగారు. ఈ ఇంగ్లిషు నవలను నేను మూడుసార్లు ఆపేసినవాణ్ని. కాబట్టి ఈ విషయంలో మీకు సీనియర్‌ని.

నన్ను మొదట ముంచింది ఉపోద్ఘాతం. పదహారో శతాబ్దపు స్పెయిన్ క్రైస్తవ సన్యాసిని సెయింట్ తెరెసా గురించి మహా గంభీరంగా ఉంటుంది. అది దాటితే డొరొతియా, ఆ అమ్మాయి ఏరికోరి చేసుకున్న ఎండుకట్టెలాంటి పండితుడు కసాబన్. ఆ ఇంట్లో గాలాడదు. జార్జ్ ఎలియట్ (అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్) కావాలనే అలా రాసింది, కానీ కొత్తగా చదివేవాడి గతేమిటి?

నాలుగోసారి లిడ్గేట్ అనే కుర్ర డాక్టరు వెంట పడ్డాను. పారిస్‌లో కూడా చదువుకుని వచ్చాడు. చీటీ రాస్తాను గానీ మందులు నేను అమ్మను అంటాడు. ఊళ్లో మిగతా వైద్యులు బతికేదే మందుల బిల్లుల మీద, వాళ్లకు ఒళ్లు మండిందంటే అర్థముంది. రోగులకూ నచ్చలేదు! 45వ అధ్యాయంలో మామ్సీ అనే కిరాణా వ్యాపారి ఉంటాడు. ఇన్నాళ్లూ కట్టిన డబ్బుకి సీసాల లెక్కన ఏదో చేతికొచ్చిందన్న తృప్తి ఆయనది. ఆయన భార్య అయితే తనను నిలబెట్టింది గులాబీరంగు మందే, గోధుమరంగుది కాదు అంటుంది. బస్సులో పైకే నవ్వేశాను. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కొత్త డాక్టరు సూది వెయ్యకుండా పంపిస్తే, "ఈయనకేం తెలుసు" అని అటునుంచి అటే ఆర్ఎంపీ దగ్గరికి పోయేవాళ్లు.

తర్వాత అప్పులు. రోజమండ్‌ను పెళ్లి చేసుకున్నాడు, సామాన్లన్నీ ఖరీదైనవే. (ఇక్కణ్నుంచి కథ తెలిసిపోతుంది, వద్దనుకుంటే కింది పేరాకి వెళ్లండి.) బుల్‌స్ట్రోడ్ అనే బ్యాంకరు వెయ్యి పౌండ్లు ఇస్తాడు. ఆ బ్యాంకరు పాత బండారం తెలిసిన మనిషి, లిడ్గేట్ వైద్యం చేస్తుండగానే చనిపోతాడు. కేసు లేదు, సాక్ష్యం లేదు. ఆ వెయ్యి పౌండ్లు లంచమేనని సారా కొట్లో మాటలే తీర్పు చెప్పేస్తాయి. అప్పుడు లిడ్గేట్‌ను నమ్మింది డొరొతియా. ఓదార్చి ఊరుకోకుండా, బుల్‌స్ట్రోడ్ బాకీ తీర్చెయ్యమని వెయ్యి పౌండ్లకు చెక్కు రాసిస్తుంది. మొదట్లో నేను పారిపోయింది ఈవిడ దగ్గర్నుంచే.

ఒక చిట్కా: ఇది 1871 డిసెంబరు నుంచి ఏడాదిపాటు 8 భాగాలుగా వచ్చిన నవల. నెలకొక భాగం చొప్పున చదివాను, 8 నెలలు పట్టింది. అంత ఓపిక లేకపోతే ముందు 1861లో వచ్చిన సైలస్ మార్నర్ చదవండి. చిన్నది, బంగారం పోగొట్టుకున్న ఒంటరి నేతపనివాడి కథ. రెండు మూడు ఆదివారాల్లో అయిపోతుంది.

ఆ ఉపోద్ఘాతం మాత్రం నేను ఇప్పటికీ దాటేస్తాను.