స్లోత్‌ల మీద పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతూ నీట్‌కు సిద్ధమవుతోంది. స్లోత్ అనే జంతువు గురించి చదివిన దగ్గర్నుంచి జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తానంటోంది. మన దేశంలో లేని, రోజంతా చెట్టుకు వేలాడే జంతువును చదివితే ఉపాధి దొరుకుతుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఆందోళన సహజమైనదే. అయితే మీ అమ్మాయిని ఆకర్షించింది ఒక వింత జంతువు మాత్రమేనని అనుకోకండి. స్లోత్‌ను సోమరి అని లోకం చాలాకాలం నమ్మింది. బోనులో ఉంచినవి రోజుకు 16 గంటల వరకు నిద్రపోవడం ఆ నమ్మకానికి బలమిచ్చింది. మధ్య అమెరికాలోని పనామా అడవుల్లో స్వేచ్ఛగా తిరిగే మూడు వేళ్ల స్లోత్‌ల తలకు చిన్న పరికరాలు అమర్చి మెదడు తరంగాలను నమోదు చేసినప్పుడు, అవి 10 గంటలకన్నా తక్కువే నిద్రిస్తున్నాయని 2008లో తేలింది. దాని నెమ్మదితనానికి కారణం ఆహారం. పోషకాలు తక్కువగా ఉండే ఆకులు అరగడానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది కాబట్టి, ఆ కొద్దిపాటి శక్తిని పొదుపుగా వాడుకునే శరీరం దానికి ఏర్పడింది. మనిషికీ జిరాఫీకీ కూడా మెడలో 7 వెన్నుపూసలే ఉండగా, మూడు వేళ్ల స్లోత్‌కు సాధారణంగా 8 లేదా 9 ఉంటాయి. క్షీరదాలన్నింటా దాదాపు మార్పులేని ఈ సంఖ్య ఇక్కడ ఎందుకు మారిందన్నది పిండాభివృద్ధి శాస్త్రానికి విలువైన ప్రశ్న.

నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది దాని బొచ్చు. అందులో పచ్చని నాచు, చిమ్మటలు, శిలీంధ్రాలు కలిసి బతుకుతాయి. పనామాలో సేకరించిన స్లోత్ వెంట్రుకల నుంచి వేరుచేసిన శిలీంధ్రాల్లో కొన్నింటి నుంచి తీసిన రసాయన సారాలు మలేరియా పరాన్నజీవి మీద, లాటిన్ అమెరికాలో కనిపించే చాగస్ వ్యాధి పరాన్నజీవి మీద, రొమ్ము క్యాన్సర్ కణాల మీద ప్రయోగశాలలో ప్రభావం చూపాయని 2014లో ప్లాస్ వన్ అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. ప్రయోగశాల ఫలితానికీ మందుకూ మధ్య చాలా దూరం ఉన్నా, మలేరియాతో ఇప్పటికీ పోరాడుతున్న మన దేశానికి ఇలాంటి వెతుకులాట పరాయిది కాదు.

స్లోత్‌ల కోసమే ఉద్యోగాలు మన దేశంలో లేవు. అందువల్ల ఆ జంతువులో ఏ ప్రశ్న తనను ఎక్కువగా పట్టి ఉంచుతోందో అమ్మాయి ముందుగా తేల్చుకోవాలి. శిలీంధ్రాలూ మందులూ అయితే బీఫార్మసీ చదివి హైదరాబాద్‌లోని నైపర్ (జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ) వంటి చోట్ల పీజీ చేయవచ్చు. జన్యువులు, పరిణామం అయితే తిరుపతి ఐసర్‌ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లో డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్‌-ఎంఎస్ మంచి మార్గం. దాని ప్రవేశ పరీక్షలో గణితం ప్రశ్నలు కూడా ఉంటాయి కనుక బైపీసీ విద్యార్థిని ఇప్పటి నుంచే దానిమీద శ్రద్ధ పెట్టాలి. అడవిలో జంతువుల ప్రవర్తన అయితే డిగ్రీ తరవాత దేహ్రాదూన్‌లోని వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్రాల కేంద్రం) ఎమ్మెస్సీ కోర్సులు నడుపుతున్నాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ కోసం లాకోన్స్ అనే ప్రత్యేక ప్రయోగశాలే ఉంది. ఈ పునాది పడ్డాక, పనామాలోని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థ ఇతర దేశాల విద్యార్థులకు కూడా ఇచ్చే ఫెలోషిప్‌లకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆర్థిక విషయం దాచకూడదు. ఈ దారిలో స్థిరపడేసరికి 30 ఏళ్లు దాటడం మామూలే. అయితే జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) సాధిస్తే 2023 నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం నెలకు రూ.37,000 వస్తుంది కాబట్టి, పీహెచ్‌డీ కాలంలో ఇంటి మీద ఆధారపడవలసిన అవసరం అంతగా ఉండదు. నీట్ మాత్రం మానిపించకండి. జాతీయ కోటాలోని వెటర్నరీ సీట్లకు ఆ ర్యాంకే ఆధారం, వన్యప్రాణి వైద్యం కూడా తనకు నచ్చే అవకాశం ఉంది.

ఇంటర్ పరీక్షలు ముగిశాక, ఉచితంగానే దొరికే ఆ 2014 పరిశోధన పత్రాన్ని అమ్మాయి చేత చదివించండి. మొదట సగం అర్థం కాకపోవచ్చు. అర్థం కాని చోట గుర్తు పెట్టుకుని, శిలీంధ్రాలను ఎలా వేరుచేశారు, క్యాన్సర్ కణాల మీద ఎలా పరీక్షించారు అని తనే వెతకడం మొదలుపెడితే, ఐసర్ దరఖాస్తుకు మీరు వెనకాడవలసిన పని లేదు.