లోపల ఎర్రగా ఉన్న పండును నారింజ అనవచ్చా?

పండు పేరూ రంగు పేరూ ఒకటే అయినప్పుడు, లోపల ఎర్రగానో పైన ఆకుపచ్చగానో ఉన్నదానిని నారింజ అని ఎలా అంటారనీ, అది రంగు ఎక్కించిన పండు కాదా అనీ మీరు అడిగారు. ఇదే అనుమానంతో నేను ఒకసారి మంచి పండును పారవేశాను కనుక కొంత వివరంగా చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం ఒక నారింజను అడ్డంగా కోస్తే కొన్ని తొనలు మామూలుగాను, కొన్ని బీట్‌రూట్ రసంలో ముంచినట్లు ముదురు ఎరుపుగాను కనిపించాయి. ఎవరో సూదితో రంగు ఎక్కించారని నిశ్చయించుకొని దానిని చెత్తబుట్టలో వేశాను. అది బ్లడ్ ఆరెంజ్ అనీ, నల్ల ద్రాక్షకు రంగునిచ్చే ఆంథోసయనిన్లే అందులోనూ ఉంటాయనీ తరువాత తెలిసింది. ఈ రంగును పుట్టించే జన్యువుకు శాస్త్రజ్ఞులు రూబీ అని పేరు పెట్టారు. చలి సోకితే గాని అది చురుకుగా పనిచేయదు కాబట్టి, సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం పరిసరాలలోని తోటలలో చక్కగా ఎర్రబడే రకమే వెచ్చని ప్రాంతంలో నాటితే వెలవెలబోయిన పండ్లను కాస్తుంది. ఒకే పండులో రంగు సమానంగా పరచుకోకపోవడం కూడా సహజమే. నేను మోసానికి గుర్తు అనుకున్నది అదే.

అయితే ఎర్రగా ఉన్నవన్నీ ఈ కోవకు చెందవు. కారాకారా అనే నారింజలోని గులాబీ రంగు టమాటాలో ఉండే లైకోపీన్ వల్ల వస్తుంది. 1976లో వెనిజులాలో ఒక నేవల్ నారింజ చెట్టుపై ఈ మార్పు కనిపించగా, ఆ తోట పేరే పండుకు స్థిరపడింది. రెండు రంగులూ వేరని తేల్చుకోవడానికి ఈ రెండు పండ్ల రసాలలో చిటికెడు వంటసోడా వేసి చూశాను: బ్లడ్ ఆరెంజ్ రసం ఎరుపు పోయి నీలిపచ్చ ఛాయకు తిరిగింది, కారాకారా రసం అలా తిరగలేదు.

పైతొక్క ఆకుపచ్చగా ఉండడానికి పచ్చితనమే కారణం కానక్కరలేదు. రాత్రులు చల్లబడని చోట తొక్కలోని పత్రహరితం పూర్తిగా విరగదు గనుక పండు లోపల తియ్యబడినా పైన పచ్చగానే ఉంటుంది. వాలెన్షియా రకమైతే రంగు తిరిగిన తరువాత కూడా చెట్టునే ఉంచితే మళ్లీ పచ్చబడుతుంది.

ఇక పేరు సంగతి. ద్రావిడ భాషల నుంచి సంస్కృతంలోకి వెళ్లిందని భాషావేత్తలు భావించే నారంగ శబ్దం పారశీకం, అరబ్బీ మీదుగా ఐరోపాకు చేరి స్పానిష్‌లో నరాంహా అయింది, ఇంగ్లిష్‌కు వచ్చేసరికి మొదటి నకారాన్ని పోగొట్టుకొని ఆరెంజ్‌గా మిగిలింది. ఆ భాషలో దానిని రంగు పేరుగా వాడడం 16వ శతాబ్దంలో గాని కనబడదు. అంటే పేరు పండుది, రంగు దానిని అరువు తెచ్చుకున్నది. మిగిలిన పేర్లలోనూ రంగు ప్రసక్తి తక్కువే: టాంజెరీన్ అనే చిన్న నారింజ పేరు మొరాకోలోని టాంజియర్ రేవును, నారింజకు డచ్చివారి పేరు చైనాను, గ్రీకు, టర్కిష్ పేర్లు పోర్చుగల్‌ను తలపిస్తాయి. గ్రేప్‌ఫ్రూట్‌కు ఆ పేరు ద్రాక్షలా గుత్తులుగా కాయడం వల్ల వచ్చిందంటారు.

లైమ్ (మన నిమ్మకాయ) విషయంలో ఈ అరువు మరీ విచిత్రం. ఇంగ్లిష్‌లో దాని పేరు ఒక ఆకుపచ్చ ఛాయకు స్థిరపడింది. నా కుండీలోని చెట్టున ఒక కాయను కోయకుండా వదిలితే అది పసుపుగా మారి రాలింది.