ఆత్మాహుతి దాడికి మనిషిని సిద్ధం చేసేది పేదరికమా, మతమా, పిచ్చా?

తాను చస్తూ పదిమందిని చంపడానికి ఒక మనిషి ఎలా ఒప్పుకుంటాడు, పేదరికం వల్లనా, మతం వల్లనా, మతి చెడడం వల్లనా అని అడిగారు. ఈ మూడూ అసలు కారణాలు కావని నా గట్టి నమ్మకం. పక్కన ఉన్న నలుగురి ముందు "నేను వెళ్లను" అనలేకపోవడమే అసలు కారణం. ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట కాదు.

1990లో నేను హనుమకొండలో ఇంటర్ చదువుతున్నాను. చెన్నారెడ్డి ప్రభుత్వం నక్సలైట్ల మీద ఆంక్షలు సడలించిన ఆ కొన్ని నెలల్లో మా పరకాల వైపు ఊళ్లలో సభలు, స్తూపాల ఆవిష్కరణలు జాతరల్లా జరిగాయి. నాతో గదిలో ఉండే మిత్రుడు, నేను ఒక సభకు సైకిల్ మీద వెళ్లాం. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, డప్పుల మోత. చనిపోయినవారి తల్లులను వేదిక మీద కూర్చోబెట్టారు. బతికున్నప్పుడు ఆ కొడుకులను ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం వాళ్ల పేర్లు జనమంతా ఒక్క గొంతుతో పలికారు. సభ అయ్యాక నా మిత్రుడు స్తూపం దగ్గరికి వెళ్లి ఒక్కో పేరును వేలితో తడుముతూ చదివాడు. చివరి పేరు కింద ఖాళీగా ఉన్న రాయి మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా జాగా ఉంచారు చూడరా" అన్నాడు.

ఆ తర్వాతి సంక్రాంతికి దళంలోకి వెళ్లిపోయాడు. వాళ్లకు బావి కింద నాలుగెకరాల పొలం ఉంది. తిండికి లోటు లేదు, క్లాసులో మొదటి ముగ్గురిలో ఒకడు.

మన నక్సలైట్ దళాలు మానవబాంబులను పంపలేదు. ఆ తేడా నాకు తెలుసు. కానీ చావును ముందే ఒప్పుకున్న కుర్రవాడి మనసును నేను దగ్గరగా చూసింది అక్కడే. మూడేళ్ల తర్వాత మలేరియా ముదిరితే జమ్మికుంటలో ఉన్న అక్క ఇంటికి పంపారు. తిరిగి వెళ్లలేదు, లొంగిపోయాడు. చాలా ఏళ్లకు నాతో అన్న మాట ఇది: "జ్వరం వచ్చింది కాబట్టి బతికాను. ఒంట్లో బాగుండి ఉంటే, భయమేస్తోందని నా వాళ్ల ముందు చెప్పడం కన్నా చావడమే నాకు సులువుగా ఉండేది."

ఆ మాట విన్నాక ప్రపంచంలో జరిగినవన్నీ నాకు వేరుగా కనిపించాయి. 1987 జులై 5న శ్రీలంకలోని నెల్లియడిలో సైనిక శిబిరం మీదికి బాంబుల లారీ తోలిన యువకుడితో మొదలైన బ్లాక్ టైగర్లను, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ ఆత్మాహుతి దళాన్ని చూడండి. ఆ సంస్థ పోరాడింది ఏ మతం కోసమూ కాదు. అయినా ఆ దళంలో చేరడానికి యువతీయువకులు తామే ఆ సంస్థ నాయకుడు ప్రభాకరన్‌కు ఉత్తరాలు రాసుకున్నారు. 2019 ఈస్టర్ నాడు కొలంబోలో తమను తాము పేల్చుకున్నవారిలో ఇద్దరు ఒక సంపన్న మసాలా వ్యాపారి కొడుకులు, సొంత అన్నదమ్ములు. 2001 సెప్టెంబరు 11 దాడికి నాయకత్వం వహించిన మొహమ్మద్ అత్తా హాంబర్గ్‌లో పట్టణ ప్రణాళిక చదివినవాడు. వాళ్ల ముఠాలో ముఖ్యులు కొందరు కూడా అక్కడ ఒకే ఫ్లాటు చుట్టూ కలిసిమెలిసి తిరిగిన స్నేహితులే.

కోపం, అవమానం, ఆక్రమణ, ఇవన్నీ నిజమే. కానీ అవి లక్షలమందికి ఉంటాయి, బాంబు కట్టుకునేది ఒకరో ఇద్దరో. ఆ ఒక్కడి చేత ముందుగా వీడియోలో వీడ్కోలు చెప్పిస్తారే, అది బయటివాళ్లకు ప్రచారం, వాడికి సంకెల. అమరుడినని కెమెరా ముందు చెప్పుకున్నాక ఇంటికి తిరిగి వెళ్లి ఆ ముఖం ఎవరికి చూపించాలి?

మన టీవీ ఛానళ్ల మీద నాకు పట్టరాని కోపం ఇక్కడే. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోతే, దాడి చేసినవాడి వీడియోను తిప్పి తిప్పి చూపించారు. జవాన్లలో నలుగురి పేర్లు చెప్పమంటే మనలో ఎంతమంది చెప్పగలరు? హంతకుడి ముఖం మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. ఆ కుర్రవాడు కోరుకున్న రాయి మీది జాగాను వీళ్లే చెక్కి ఇచ్చారు. ఆ పక్కనే నలుగురు నిపుణులు కూర్చుని "మెదడు కడిగేశారు" అంటారు. మా వాడి మెదడును ఎవరూ కడగలేదు. వాడికి చప్పట్లు వినిపించాయి, అంతే.

ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. "జాగా ఉంచారు చూడరా" అన్నప్పుడు నేను వాడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగలేదు. అవునన్నట్టు తల ఊపాను.