దమ్మాం నుంచి గాజువాకకు: సంతకానికి ముందు ఆ కాగితం చదవండి

సౌదీలో పనిచేస్తున్న మీ తమ్ముడు చనిపోయి వారమైందని, భౌతికకాయాన్ని విశాఖకు ఎలా తెప్పించుకోవాలో తోచడం లేదని రాశారు. 2019లో మా పెద్దబావ దమ్మాంలో గుండెపోటుతో పోయారు. ఆయన గాజువాక చేరడానికి 23 రోజులు పట్టింది. అందులో తొమ్మిది రోజులు మా చేజేతులా పోగొట్టుకున్నవే.

కారణం ఒక పేరు. ఆధార్‌లో మా అక్క అప్పలనరసమ్మ, బావ పాస్‌పోర్టులో నరసమ్మ. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పంపేదాకా పని కదలలేదు. మీ మరదలి కాగితాలు ఈ రోజే పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ముఖ్యమైన సంగతి. శవాన్ని పంపడానికి కుటుంబం నోటరీ చేయించిన సమ్మతి పత్రం ఇవ్వాలి. బావ పనిచేసిన కంపెనీ దాన్ని తానే ఇంగ్లీషులో తయారుచేసి వాట్సాప్‌లో పంపింది. అక్క చేతిలో కలం పట్టుకుని కూర్చుంది. నోటరీ పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివి, "డబ్బంతా ముట్టిందా అమ్మా నీకు?" అన్నారు. రెండో పేజీలో జీతం బకాయిలన్నీ అందాయని ఒక వాక్యం ఇరికించారు! దాన్ని పక్కన పడేసి, భౌతికకాయం పంపడానికి మాత్రమే సమ్మతి అని కొత్తగా టైపు చేయించాం. బకాయిల కోసం విడిగా రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి రాశాం. దమ్మాం వాళ్లకి కూడా అదే దిక్కు. మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఒక నంబరు వస్తుంది, ఫోన్లలో అది చెప్పండి.

ఖర్చుకు భయపడకండి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం శవాన్ని పంపే ఖర్చు మామూలుగా యజమానిదే. అతను చేతులెత్తేస్తే రాయబార కార్యాలయం దగ్గర సంక్షేమ నిధి ఉంది. మధ్యలో దూరే ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా మీ తమ్ముడికి ఉంటే ప్రమాద మరణానికి 10 లక్షలు వస్తాయి. మాది గుండెపోటు, మాకు రాలేదు.

హైదరాబాద్ మీదుగా వస్తే శవపేటిక శంషాబాద్‌లో కార్గో వైపు వస్తుంది, ప్రయాణికుల గేటు దగ్గర నిలబడి మాలాగా రెండు గంటలు పోగొట్టుకోకండి. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఉచిత అంబులెన్సు కోసం ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీకి ముందే చెప్పి ఉంచండి.

సామాను జాబితా కూడా రాతపూర్వకంగా అడగండి. బావ సంచి నెల తర్వాత ఎవరో తెచ్చి ఇచ్చారు. ఫోను లేదు. అక్క పెట్టి పంపిన ఆవకాయ సీసా మాత్రం ఉంది, అడుగున రెండు ముక్కలతో.